రెండో బేస్ దగ్గర దణ్ణం

మా డ్రిల్లు మాస్టారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారక్కా" అంది. చాలాసేపు ఏడ్చాను. కానీ పొన్నూరులో బస్సెక్కి రేపల్లె వెళుతూ ఆయన్ని తలుచుకుంటే నవ్వే ఎక్కువ వచ్చింది.

ఆడపిల్లలకు బేస్‌బాల్ ఏంటండి అని ఊరు వెక్కిరిస్తున్న రోజుల్లో ఆయన మా బడిలో జట్టు కట్టారు. పరుగు తీసేవాళ్ళు వరసగా తాకాల్సిన నాలుగు బేస్‌లలో నాది రెండోది. అక్కడ అసలు పని డబుల్ ప్లే, అంటే ఒకే బంతితో ఇద్దరిని అవుట్ చేయడం. బంతి అందుకుని, కాలితో బేస్ తాకి, వెంటనే మొదటి బేస్‌కు విసరాలి. ఈలోగా మొదటి బేస్ నుంచి పరుగెత్తే అవతలి జట్టు పిల్ల మన కాళ్ళ మీదికి జారుకుంటూ వస్తుంది. బంతి చేతిలో నిలిచే అలవాటు పోవాలని మాస్టారు గ్లవ్ తీయించి, నా ఎడమ అరచేతికి పాత హవాయి చెప్పు కట్టి సాధన చేయించేవారు. "దాచుకోవద్దమ్మా, పంపించెయ్" అనేవారు.

బాపట్ల ఫైనల్లో నా నిర్వాకం కూడా చెప్పాలి. జారుకుంటూ వచ్చిన అమ్మాయికి నా కాలు తగిలింది. చేతిలో బంతి ఉండగానే వంగి, ఆ పిల్ల భుజం తాకి కళ్ళకద్దుకున్నాను. ఇంట్లో నేర్పింది అదే మరి. ఈలోపు బంతి కొట్టిన పిల్ల మొదటి బేస్ చేరిపోయింది, మూడో బేస్‌లో ఉన్నది పరుగు పూర్తి చేసేసింది, కప్పు పోయింది. దారి పొడుగునా జట్టులో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇంక ఆడనని మాస్టారికి చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. మర్నాడు గ్రౌండులో, యాభై దాటిన మనిషి, తెల్ల ప్యాంటుతో తానే నా కాళ్ళ మీదికి జారుకుంటూ వచ్చారు. గురువుగారికి కాలు తగులుతుందని నేను పక్కకి పారిపోయాను. ఆయన మట్టిలో పడుకునే అన్నారు: "నన్ను తొక్కినా తప్పు లేదమ్మా. బంతి ఆగితేనే తప్పు. దణ్ణాలు ఆటయ్యాక పెట్టుకుందువుగాని."

ఏడాదంతా అలా పడుతూనే ఉన్నారు. ఆయన మోకాళ్ళు చూసి వాళ్ళావిడ నన్ను కోప్పడేవారు, కోప్పడుతూనే టిఫిన్ పెట్టేవారు. నా ఆట ఆ మోకాళ్ళ పుణ్యమే.

మరుసటి ఏడు తెనాలిలో ఫైనల్. చివరి ఇన్నింగ్స్, మేం ఒక్క పరుగు ముందున్నాం. ముగ్గురు అవుటైతే ఆట ముగుస్తుంది; అప్పటికి ఒకరు అవుట్, మొదటి, మూడో బేస్‌లలో వాళ్ళ పిల్లలు. బంతి నా దగ్గరికి వచ్చింది. బేస్ తాకాను. జారుకుంటూ వచ్చిన పిల్ల మీదుగా ఎగిరి విసిరాను. అంపైర్ చెయ్యి రెండోసారి లేచింది. కింద ఎవరికి ఎవరి కాలు తగిలిందో నాకిప్పటికీ తెలియదు. గెలిచాం.

తిరుగుప్రయాణంలో, రేపల్లె పాసింజర్లో, మాస్టారు సీట్లో కుదురుగా కూర్చోలేదు. చేపలమ్ముకుని ఇంటికెళుతున్న ఒకావిడకు ఆటంతా వివరించారు. అర్థం కాలేదంటే చూపిస్తానన్నారు. ఆమెను నడవా చివర మొదటి బేస్‌గా నిలబెట్టారు, నన్ను మధ్యలో ఉంచారు, ఒక జామకాయ తీసి నాకు విసిరారు. నేను ఆమెకు విసిరాను. ఖాళీ గంప అడ్డుపెట్టి పట్టేసింది. పెట్టెలో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆమె మాత్రం గంప నెత్తికి పైగా ఎత్తిపట్టుకుని, మాస్టారి వంక చూసి, "ఇద్దరూ అవుటేనండి" అంది.