గంపక్క తిరిగే వరస

గంపక్కకి పట్నం కళ్లతో తెలీదు, కాళ్లతో తెలుసు. ఇరవై రెండేళ్లుగా నెత్తిన చేపల గంపతో తిరిగిన మనిషి. బోర్డులు చదవడం రాదు. ముందు దర్జీ సందు, తర్వాత డాబాల వీధి, ఆ తర్వాత బడి వెనక ఇళ్లు, చిట్టచివర పెద్దమ్మ ఇల్లు. ఆ వరస తప్పిందా, మనిషి తప్పిపోయినట్టే.

పెద్దమ్మంటే చుట్టమేం కాదు. మోకాళ్లు పట్టేసి మంచానికి అతుక్కుపోయిన ముసలావిడ. అంత పట్నంలో గంపక్కని లోపలికి పిలిచి, స్టూలు చూపించి, "కూర్చోవే, ఎండకి వడలిపోయావు" అన్నది ఆవిడొక్కతే.

ఆ ఏడు నది కట్ట తెగింది. పట్నం మునిగిందన్న కబురు వినగానే సముద్రపొడ్డున గంపక్క వాళ్ల పల్లెలో మగాళ్లు వలలు పక్కన పడేసి తొమ్మిది పడవల్ని లారీలెక్కించారు. ఒక్కరోజు వేట మానితే పొయ్యి వెలగని ఇళ్లండీ అవి! ఆడవాళ్లు ఇంట్లో పొడిగా ఉన్న బట్టలన్నీ మూటలు కట్టిచ్చారు. తీరా వస్తే నీళ్లు కిటికీల దాకా ఉన్నాయి, గంటగంటకీ పెరుగుతున్నాయి. ఏ సందు ఎటు పోతుందో తెలిసి చావదు.

"మా వదినకి తెలుసు," అన్నాడు మరిది. తన పడవ ముందు భాగంలో గంపక్కని కూర్చోబెట్టాడు. మిగతా ఎనిమిదీ వెనకాల.

"ఎటు వదినా?"

గంపక్క ప్రాణమంతా అప్పటికే పెద్దమ్మ మంచం దగ్గరుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇంతమంది గోలపెడుతుంటే నా మనిషి ముందని ఏ మొహం పెట్టుకుని అంటుంది?

"దర్జీ సందు," అంది.

జనాన్ని ఎక్కించడం, రైలుగట్టు మీద దింపడం, మళ్లీ రావడం. డాబాల వీధిలో ఒకావిడ రెండు సూట్‌కేసులతో పడవలోకి దిగి ముక్కు మూసుకుంది. ఏనాడూ గంపక్కని గేటు దాటనివ్వని మనిషి.

"కంపు కొడుతోంది. వేరే పడవ లేదా?"

"ఉందమ్మా. అత్తరు పూసిన పడవ సాయంత్రానికొస్తుంది. ఆగుతారా?" అన్నాడు మరిది.

"ఆ పెట్టెలు దింపండమ్మా, ఇంకో ఇద్దరు పడతారు," అంది గంపక్క.

"పోతే నువ్విస్తావా?"

ఆ పెట్టెల పంచాయితీ తెమిలేసరికి పావుగంట. వాటికోసం ఇంకోసారి తిరిగి రావడం వేరే.

బడి దాటాక మరిది పడవ తోస్తున్న గెడ లోపలికి జారిపోయింది. "వదినా, ఇక్కడ అడుగు అందట్లేదు. ఇంత పల్లమా?"

గంపక్క నీళ్లలోకి వంగి చూసింది. ఇరవై రెండేళ్లు ఆ వీధిలో కాళ్లు వాటంతటవే పరిగెత్తేవి. గంప ఖాళీ అయింది కదా, ఒళ్లు తేలికైందనుకునేది. నేల పల్లానికి దిగుతోందని ఏనాడూ తట్టలేదు.

పెద్దమ్మ ఇంటి పైకప్పు జానెడు తేలి ఉంది. మరిది పెంకులు పీకి లోపలికి చెయ్యి పెట్టాడు. మంచం నీళ్లతోపాటు పైకి లేచి ఉంది. ఆవిడ రెండు చేతులూ దూలాన్ని పట్టుకునే ఉన్నాయి. వేళ్లు విడదీయబోతే ఇట్టే వచ్చేశాయి.

"ఒళ్లు ఇంకా బిగుసుకోలేదు వదినా. ఇప్పుడే పోయినట్టుంది."

గంపక్క ఏడవలేదు. పెంకులకేసి చూస్తూ కూర్చుంది.

"ఒక్క మాట అనాల్సింది," అన్నాడు మరిది. తిట్టడానికి కాదు, పాపం, మామూలుగానే. "ఎక్కడా ఆగకుండా వచ్చేసేవాళ్లం. ఈ ఇల్లు చివర్లో ఎందుకు పెట్టుకున్నావసలు?"

"ఇక్కడ కూర్చుంటాను కదా," అంది గంపక్క. "కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాదు."

పల్లం అవతల ఎక్కడో జనం అరుస్తున్నారు. ఆడగొంతులూ పిల్లల గొంతులూ. ఎనిమిది పడవలూ వెనకాల ఆగి ఉన్నాయి.

"తర్వాత ఎటు వదినా?"

గంపక్క అటు చూసింది, ఇటు చూసింది. ఈ ఇల్లు దాటి తను ఏనాడూ పోలేదు.

"తెలీదు," అంది.