అరువివ్వలేని నిచ్చెన

ఆ రోజుల్లో మా వీధి మొత్తానికి ఒకటే నిచ్చెన ఉండేది. అది మాది. మాదే గాని, అది మా ఇంట్లో ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వెదురుతో చేసిన పదమూడు మెట్ల నిచ్చెన. సత్తెనపల్లిలో కొని తెచ్చిన నాటి నుంచి ఊళ్లో తిరుగుతూనే ఉండేది. ఒకరికి సున్నం వేయడానికి, ఇంకొకరికి పెళ్లి పందిరికి, మరొకరికి పెంకులు సర్దడానికి, ఏ పనీ లేనివాళ్లకు గోడ మీది పిల్లిని దించడానికి. ఎవరు ఏది అడిగినా లేదనడం మా నాన్నకు చేతకాదు (మేము అడిగితే మాత్రం చక్కగా చేతనయ్యేది). కాబట్టి అటక మీది చింతపండు గుప్పెడు కావాలంటే మా అమ్మ ముందు నిచ్చెన ఎవరింట్లో ఉందో ఆరా తీయాలి. వాళ్లింటికి పోతే, నిన్ననే ఇంకొకరు పట్టుకుపోయారనేవారు. ఆ ఇంకొకరు తాళం వేసుకుని అద్దంకి వెళ్లి ఉండేవారు. ఈలోగా నాన్న చారు లేకుండానే అన్నం తిని, "ఈ ఇంట్లో ఒక పద్ధతంటూ లేదు" అని విసుక్కుంటూ చెయ్యి కడుక్కునేవాడు.

మాది పెంకుటిల్లు. నడిమింట్లో పైన చెక్కల అటక. దాని మీద ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు, చింతపండు జాడీలు, పెళ్లిళ్లకు తప్ప కిందికి దిగని గంగాళాలు, ఎప్పుడో పరుపులు కుట్టిద్దామని దాచిన దూదికుప్ప ఉండేవి. గాలి ఆడటానికి పడమటి వైపు చిన్న కిటికీ. ఒక ఏడు ఆషాఢంలో అమ్మ నిచ్చెన దొరక్క, బల్ల మీద కుర్చీ, కుర్చీ మీద పీట వేసుకుని ఎక్కి, జాడీతో సహా కిందపడింది. "జాడీ పగల్లేదు గదా?" అంటూ నాన్న పరుగెత్తుకొచ్చాడు. జాడీ పగల్లేదు. అమ్మ మోచెయ్యి మాత్రం గుమ్మడికాయలా వాచింది. ఆ చెయ్యితోనే ఆమె ఆ పూట అందరికీ వడ్డించింది.

నేనప్పుడు కొత్తగా ఇంజినీరింగు డిప్లొమా పాసై, ఒక ప్రాజెక్టులో ఓవర్సీరు ఉద్యోగానికి ఆర్డరు అందుకుని, చేరడానికి ఇంకా నెల గడువున్న మొనగాణ్ణి. నేను వెళ్లిపోతే అమ్మకు అటకెక్కి సామాను దించిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. నాన్నకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. అందుకని ఈ నెలరోజుల్లో, అమ్మ ఎవరినీ బతిమాలకుండా తనంతట తాను అటకెక్కి దిగే ఏర్పాటు చేసి తీరాలనుకున్నాను. కాలేజీలో ఒక విదేశీ పత్రికలో బొమ్మ చూశాను. అటకకే బిగించిన నిచ్చెన. తాడు పట్టి లాగితే కిందికి దిగుతుంది, పని అయ్యాక పైకి నెడితే కప్పుకు అంటుకుపోతుంది. పక్కన పొట్టి జుట్టు దొరసాని ఒకామె ఒంటి చేత్తో దాన్ని లాగుతూ నవ్వుతోంది. ఈ సంగతి భోజనాల దగ్గర ప్రకటించాను.

నాన్న ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించాడు. "అంటే దాన్ని ఊడదీయడం కుదరదా?"

"కుదరదు."

"మరి రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్పనురా? అటకతో సహా తీసుకుపొమ్మననా?"

ఆయన బాధ ఆయనది. అరువివ్వడానికి వీలుకాని వస్తువు ఇంట్లో ఉండటం తన మర్యాదకు లోటన్నట్టు మొహం పెట్టాడు. అమ్మ మాత్రం మజ్జిగ పోస్తూ, "అదే కావాలి. అదే చేయించు" అంది.

బొమ్మ గీసుకుని గిలకల సాయిబు దగ్గరికి వెళ్లాను. బావి గిలకలు, బండి ఇరుసులు, ఆయిలింజన్లు అన్నీ బాగుచేసే మనిషి కాబట్టి ఊరంతా ఆయన్ని అలా పిలిచేది. నా బొమ్మను (మూడు రంగుల పెన్సిళ్లతో, మూడు వైపుల నుంచి గీసింది) ఆయన శ్రద్ధగానే చూశాడు. చూసి ఒక్క ప్రశ్న వేశాడు.

"ఎక్కేదెవరు బాబూ?"

"మా అమ్మ."

"మరి మెట్టుకీ మెట్టుకీ ఎంత ఎడముండాలో అమ్మగారినడిగారా?"

అడగలేదు. పుస్తకంలో ఉన్న కొలత వేశాను. సాయిబు నాతో ఇంటికొచ్చి, "అమ్మగారూ, చీర కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడకుండా ఎంత ఎత్తు ఎక్కగలరో ఒకసారి గోడకి కాలానించి చూపించండి" అని, ఆమె చూపించిన చోట బొగ్గుతో గీత గీశాడు. నా పుస్తకంలోని కొలత ఆ గీతకు జానెడు పైన పడింది. అది ఆ పొట్టి జుట్టు దొరసాని కొలత కాబోలు.

చెక్క దగ్గర వచ్చింది తంటా. నేను టేకు కావాలన్నాను. నాన్న పశువుల పాకలో పడి ఉన్న పాత బండి తాలూకు నల్లతుమ్మ వాసాలు చూపించి, "ఇవి ఉండగా టేకెందుకురా? మా నాయన కాలంనాటి చేవ" అన్నాడు. చేవ సంగతి నిజమే. నిచ్చెన తయారయ్యేసరికి దాన్ని నలుగురు మోసుకొచ్చారు. అమ్మ సరే, ఆ దొరసాని ఇంటిల్లిపాదీ కలిసి లాగినా పైకి లేచే రకం కాదది. పత్రికలోని నిచ్చెనకు స్ప్రింగులున్నాయి. సత్తెనపల్లి అంతా గాలించినా అలాంటి స్ప్రింగులు దొరకలేదు. అందుకని నిచ్చెన చివర నుంచి తాడు తీసి, దూలానికి వేసిన రెండు గిలకల మీదుగా వెనక వసారాలోకి పోనిచ్చి, అక్కడ దానికి సమానమైన బరువు వేలాడదీద్దామన్నాను. ఇటూ అటూ సరిసమానంగా తూగితే, నిచ్చెనను చిటికెన వేలితో ఎక్కడ వదిలితే అక్కడే నిలబడుతుంది. నేనొక బండరాయి చూస్తుంటే నాన్న అడ్డుపడ్డాడు.

"రాయెందుకురా దండగ? మన టిక్కీ ఉందిగా?"

టిక్కీ అంటే మిర్చి కూరిన గోతం. పంటంతా గుంటూరు తోలినా, రేటు పెరుగుతుందని ఏటా ఒక్క టిక్కీ ఆపుకోవడం నాన్నకు అలవాటు. అది గాల్లో వేలాడితే ఎలుకలకు అందదు, చెమ్మ తగలదు, నిచ్చెన పనీ జరుగుతుంది. ఒక్క దెబ్బకు ఇన్ని లాభాలు ఎవరికి చేదు? నాలుగు గుప్పిళ్లు తీసి, రెండు గుప్పిళ్లు వేసి, టిక్కీని నిచ్చెనకు సరిగ్గా తూచాను. వదిలిన చోట నిలబడింది. ఆ రాత్రి నా అంత గొప్ప ఇంజినీరు ఈ జిల్లాలో లేడనుకుంటూ పడుకున్నాను.

తర్వాత ఎనిమిది రోజులు ముసురు పట్టింది. తొమ్మిదో రోజు ప్రారంభోత్సవం. వీధిలోవాళ్లంతా వచ్చారు. మా పెదనాన్న (నాన్నకు అన్నయ్య, పక్కిల్లే అయినా పగలంతా మా ఇంట్లోనే ఉండేవాడు, నా చదువు మీద చిన్నప్పటి నుంచీ నమ్మకం లేనివాడు) "ముందు నేనెక్కి చూస్తా, ఆనక ఆడోళ్ల సంగతి" అని పంచె ఎగ్గట్టాడు. తాడు పట్టి లాగితే నిచ్చెన కొంచెం మొరాయించి దిగింది. ఆయన భారీ మనిషి. ఎక్కుతుంటే నల్లతుమ్మ కూడా మూలిగింది. పైకి చేరి, అటక మీద రెండో కాలు పెట్టాడో లేదో, నిచ్చెన ఒక్క ఊపున లేచి కప్పుకు ధడాలున కొట్టుకుంది. లాగే తాడు కూడా ఎగిరి అటక మీదే పడింది. వెనక వసారాలో టిక్కీ నేలకు కూలబడి, కుట్టు పిగిలి, ఘాటు ఇల్లంతా కమ్మింది.

నేను గిలకల గురించి ఉపన్యాసం ఇస్తూ సగంలో తుమ్మాను. తర్వాత అందరూ తుమ్మారు. పైన మిరపకాయల కుప్పలో కాలు పెట్టిన పెదనాన్న తుమ్ములు వేరే స్థాయిలో ఉన్నాయి.

"ఒరేయ్... హాఛ్... ఇంజినీరూ! నన్ను దించరా!"

"కంగారు పడమాకండి! ఆడ కర్రుంది, దాంతో నిచ్చెనని కిందికి నెట్టండి, అదే దిగుద్ది!" అని సాయిబు కింది నుంచి అరిచాడు.

"నేను దాని జోలికి పోను గాక పోను! మన వెదురు నిచ్చెన తీసుకురాండ్రా!"

మా వెదురు నిచ్చెన ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నాలుగిళ్లు వెతికి తెచ్చేసరికి గంట పట్టింది. ఈలోగా నాన్న నా వైపు తిరిగి, "వానాకాలం మిరపకాయ చెమ్మ లాగి బరువెక్కుద్దని నీకు ఏ కాలేజీలోనూ చెప్పలేదంట్రా?" అన్నాడు. మిర్చి పండించే ఇంట్లో పుట్టి, మిర్చి డబ్బుతో చదివి, నేను మర్చిపోయిన సంగతి అదొక్కటే. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ మాత్రం ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వుతోంది. ఆమె అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు పిగిలిన టిక్కీని కుట్టి మళ్లీ వేలాడదీశాం. సాయిబు ఒక ఇనప కొక్కెం చేసి తెచ్చాడు. దాన్ని నేలకు బిగించి నిచ్చెన చివర తగిలిస్తే ఇక అది తనంతట తాను లేవదు. టిక్కీలోంచి కాసిని కాయలు కూడా తీసేద్దామన్నాను. అమ్మ రెండూ వద్దంది. "ఎట్టా ఉన్నదాన్ని అట్టా ఉండనీ. నాకు బానే ఉంది" అంది. కొడుకు మనసు కష్టపెట్టడం ఇష్టంలేక అంటోందనుకున్నాను. ఆ వయసులో ఏ విషయమైనా నా గురించేనని నా నమ్మకం.

ఆ తర్వాత ఇంట్లో ఒక వింత మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ కనబడేది కాదు. "ఏమేవ్, మంచినీళ్లు!" అని నాన్న, "అమ్మాయ్, వక్కాకు!" అని పెదనాన్న అరిచి అరిచి ఊరుకునేవారు. గంట తర్వాత పొయ్యి దగ్గర ప్రత్యక్షమై, "పెరట్లో ఉన్నా" అనేది. నాలుగో రోజు ఆమె జడలో దూది చూశాను. తల ఎత్తితే, నిచ్చెన నుంచి ఎప్పుడూ వేలాడే తాడు లేదు. అప్పటికి అర్థమైంది. ఆమె ఎక్కి కాలు తీయగానే నిచ్చెన తనే లేచిపోతుంది. తాడు పైకి లాక్కుంటే ఇక దేవుడు కూడా ఆమెను దించలేడు. దూదికుప్ప మీద, కిటికీ గాలికి, గంటసేపు. నాకు ఊహ తెలిశాక ఆమె పగలు నడుం వాల్చగా నేను చూడలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో చేసిన తెలివైన పనుల్లో అదొకటి.

నేను బయల్దేరడానికి రెండు రోజులుందనగా మిర్చి రేటు పెరిగిందని కబురొచ్చింది. మధ్యాహ్నం పెదనాన్న నడిమింట్లో మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను పక్కనే పెట్టె సర్దుకుంటున్నాను. నాన్న ఎవరితోనూ చెప్పకుండా వసారాలోకి పోయి, బండి వాకిట్లో పెట్టించి, టిక్కీ తాడు కోసేశాడు. నల్లతుమ్మ నిచ్చెన పిడుగులా దిగి, పెదనాన్న కాళ్లకు బెత్తెడు దూరంలో నేలను గుద్దింది. ఆయన మంచం మీద నుంచి ఎలా లేచాడో, వాకిట్లోకి ఎలా పోయాడో ఇప్పటికీ నాకు తెలియదు. దుమ్ము అణిగాక చూస్తే, పైన అటక అంచున అమ్మ. జుట్టునిండా దూది, చేతిలో చిన్న దిండు. టిక్కీ భుజాన వేసుకుని నాన్న గుమ్మంలో నిలబడిపోయాడు.

"పైన ఏం చేస్తన్నావే?"

"నిద్రపోతన్నా" అంది అమ్మ.

ఆమె తొందరపడకుండా, తన కొలత ప్రకారం చేసిన మెట్ల మీద ఒక్కొక్కటే దిగి వచ్చింది. నాన్న ఎదురుగా నిలబడింది. "ఆ టిక్కీ ఎక్కడిది అక్కడ కట్టండి."

"రేటు పెరిగిందే..."

"పెరగనీండి."

నాన్న ఆమె జుట్టులోని దూదిని చూశాడు. వాచి తగ్గిన మోచెయ్యిని చూశాడు. ఏమనుకున్నాడో గాని, వెనక్కి తిరిగి వసారాలోకి వెళ్లాడు. తాడు ముడి వేయడం ఆయనకు సరిగ్గా రాదు. నేను వెళ్లి వేశాను. బండి ఖాళీగా వెళ్లిపోయింది. ఆ టిక్కీని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు. ఏళ్లు గడిచి కాయలన్నీ రంగు పోయి తెల్లబడినా అది అక్కడే వేలాడింది. మధ్యాహ్నం ఎవరైనా అమ్మ ఏదని అడిగితే, నాన్న గొంతు తగ్గించి "ఊళ్లో లేదు" అనేవాడు.

తర్వాత నేను కాలవలు తవ్వించాను, తూములకు తలుపులు పెట్టించాను, చాలా లెక్కలు సరిగ్గానే వేశాను. వాటిని చూసి ఎవరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వలేదు, ఎవరూ వాటి మీదెక్కి నిద్రపోలేదు. సాయిబు చేసిన కొక్కెం ఆనాడు పెట్టెలో వేసుకున్నాను, సెలవులకు వచ్చినప్పుడు ఎలాగైనా బిగించి నా తప్పు దిద్దుకుందామని. వచ్చిన ప్రతిసారీ తీసేవాణ్ణి, అమ్మ చూసి "లోపల పెట్టు" అనేది. తుప్పు పట్టినా అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎందుకు దాచావని మా ఇంటావిడ అడుగుతుంటుంది. నేను, ఆమె మధ్యాహ్నం పడుకున్నప్పుడు తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేస్తుంటాను.