దసరా నాటి లాగిన్

ఇప్పుడు నన్ను చూసినవాళ్లు నమ్మరు గానీ, ఉద్యోగంలో చేరిన ఆ తొలి రోజుల్లో నాకు కంప్యూటరంటే బొత్తిగా భయం ఉండేది కాదు. అంతా తెలుసనే అనుకునేవాణ్ణి. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా కుదిరాను. పిల్లలు నన్ను 'అన్నా' అనేవారు. (ఏసీ పెంచమని అడగాల్సి వచ్చినప్పుడు మాత్రం 'సార్' అయ్యేవాణ్ణి.) ప్రాక్టికల్ పరీక్షలు సాఫీగా జరిగితే ఉద్యోగం పక్కా చేస్తామని, లేదంటే ఇంకొకరిని చూసుకుంటామని ప్రిన్సిపాల్ ముందే చెప్పారు. కొంగరకలాన్ నుంచి మా బాపు రోజూ ఫోన్ చేసి "ఏం బిడ్డా, నౌకరి పక్కా అయిందా?" అని అడిగేవాడు. "అయితది బాపూ, ఫికర్ చెయ్యకు" అని రోజూ చెప్పేవాణ్ణి. ఫికరంతా నాదే.

ల్యాబ్ ఇన్‌చార్జిని మేమంతా జాగ్రత్త సార్ అనేవాళ్లం. గోదావరి వైపు నుంచి వచ్చి సిటీ శివార్లలో స్థిరపడ్డ మనిషి, మంచివాడు, నోరు తెరిస్తే 'జాగ్రత్త' అన్న మాటే వచ్చేది. ఆయనకొక పద్ధతి ఉంది. దసరాకు ల్యాబంతా కడిగించి, ప్రతి కంప్యూటరుకూ పసుపు కుంకుమ పెట్టి, ముహూర్తం చూసి తన చేత్తోనే లాగిన్ చేసేవాడు. ఆ లాగిన్‌ను మళ్లీ దసరా దాకా ఎవరూ కదపకూడదు. సాయంత్రమైతే మానిటర్ మీట నొక్కి, తెర మాత్రం ఆర్పి ఇంటికి పోవడమే. ఎప్పుడో ఆపిన మిషను ఒకటి మళ్లీ లేవలేదట. "నడిచేదాన్ని కదపకు బాబూ, జాగ్రత్త" అనేవాడు. (కరెంటు పోతే ఎలా అంటారేమో. జనరేటరు ఉంది. దానికీ బొట్టు ఉంది.)

ఆ యేడు సిలబస్‌లోకి వర్చువల్ మిషన్లు వచ్చాయి. అంటే ఒక కంప్యూటరు కడుపులో ఇంకో కంప్యూటరును నడపడం. మా ల్యాబంతా విండోస్ కాదు, లినక్స్. పిల్లలు నడపబోతే చాలు, 'నీకు పర్మిషన్ లేదు' అని తెర మీద వచ్చేది. మందు నాకు తెలుసు. అలా నడిపే హక్కున్న గ్రూపు ఒకటి ఉంటుంది, పిల్లలంతా వాడే యూజరును ప్రతి మిషన్‌లోనూ అందులో కలపాలి. కలిపాను. మళ్లీ అదే మాట. ఇంకోసారి కలిపాను. (అప్పటికే అందులో ఉన్నాడని కంప్యూటరు చెబుతూనే ఉంది. నేనే వినలేదు.) నెట్‌లో ఎవరో చెప్పారని అడ్మిన్ అధికారంతో నడిపితే నడిచింది. ఎగిరి గంతేశాను. కానీ దాని ఫైలు కాస్తా అడ్మిన్ సొంతమై కూర్చుని, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. దాన్ని పిల్లల పేరు మీదికి మార్చేసరికి పాత మాటే తిరిగొచ్చింది. వారమంతా ఇదే తంతు. తిండి సయించలేదు, బస్సులో కూర్చుంటే దిగే చోటు దాటిపోయేది.

"అన్నా, గిది అయ్యేటట్టున్నదా లేదా?" అని ఒక విద్యార్థిని నిలదీసింది.

"జర ఆగమ్మా, చూస్తున్న."

"ఇంకెప్పుడు చూస్తవన్నా? రేపే పరీక్ష!"

పరీక్ష రోజు ఉదయం, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ప్రిన్సిపాల్ గదిలో టీ తాగుతుండగా చివరిసారి ప్రయత్నించాను. అదే మాట. కోపం కూడా రాలేదు. ఒట్టి అలసట. ఈ ఉద్యోగం నాది కాదని తేలిపోయింది, బాపుకు ఏ మొహంతో చెప్పాలో తెలియలేదు. సంచి సర్దుకున్నాను. పోయేవాణ్ణి పద్ధతిగా పోదామని, నా ముందున్న మిషనును లాగౌట్ చేశాను. సరిగ్గా అప్పుడే జాగ్రత్త సార్ లోపలికి వచ్చాడు.

"అయ్యయ్యో! ఎంత పని చేశావయ్యా! దసరా నాటి లాగిన్ అది!"

"నాతోని కాదు సార్. నేను పోత."

"పోదువుగాని, ముందు దాన్ని లేపి పో!"

లాగిన్ చేశాను. చెయ్యి ఊరుకోక వర్చువల్ మిషన్ మీదా ఓసారి నొక్కాను. హాయిగా లేచింది. ఇద్దరం నోరు తెరుచుకుని చూశాం. గ్రూపులో కలిపిన సంగతి కంప్యూటరు లాగిన్ సమయంలోనే చూసుకుంటుందని అప్పుడు నా మట్టిబుర్రకు వెలిగింది. దసరా నుంచి లోపలే కూర్చున్న మా యూజరుకు హక్కు వచ్చింది గానీ, బయటికెళ్లి మళ్లీ వస్తేనే అది చేతికందుతుంది.

"మిగిలినయి గూడ లాగౌట్ చెయ్యాలె సార్" అన్నాను.

ఆయన గడియారం చూశాడు. "ఇప్పుడు వర్జ్యమయ్యా!"

"ఎగ్జామినర్ వస్తుండు సార్!"

కళ్లు మూసుకుని దండం పెట్టుకుని, ఆయనే ఒక్కొక్క మిషన్నూ లాగౌట్ చేస్తూ వచ్చాడు. ప్రతిదీ మళ్లీ లేచేదాకా ఊపిరి బిగబట్టాడు పాపం. పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. ఉద్యోగం పక్కా అయింది. "నాకు ఎర్కనే బిడ్డా, నీకు మస్తు తెలివి ఉన్నది" అన్నాడు బాపు. తెలివితో కాదు, చేతకాక వదిలేసి పోబోయినందుకు అయిందని ఆయనకు చెప్పలేదు.

ఇప్పుడు రావిర్యాల దగ్గర ఒక కంపెనీలో సర్వర్లు చూసుకుంటున్నాను. ఇలాంటి చిక్కుతో ఎవరైనా వస్తే "ఒకపారి బయటికి పోయి మళ్ల రా" అంటాను, నన్నో జ్ఞానిని చూసినట్టు చూస్తారు. ఓడిపోయాననుకుని కూడా పద్ధతిగా లాగౌట్ చేసిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. సెలవు రోజున కూడా సర్వర్లే తలలో తిరిగే నాకు, వాడిలా పని వదిలి బయటికి రావడం మళ్లీ ఒక్కసారీ చేతకాలేదు. సాయంత్రమైతే నేనిప్పుడు మానిటర్ మీట మాత్రం నొక్కి ఇంటికొస్తున్నాను.