కొస తెగని పాల కవర్లు

ఇన్నేళ్లూ దీన్ని ఒక్కదాన్నే మోశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరు నా మొహం ఎరగరు కనుక మీకు చెబుతున్నాను.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో గుంటూరు నుంచి వచ్చి కొత్వాల్‌గూడ దగ్గర ఇల్లు కొనుక్కున్నాం. మాది పచ్చని కాలనీ అని గొప్ప. కప్పుల మీద సోలార్ పలకలు, ఇంకుడు గుంతలు, ఇంటింటికీ తడి చెత్తకొక బుట్ట, పొడి చెత్తకొక బుట్ట. కలిపేసిన వాళ్ల బుట్టను ఆదివారం మీటింగులో అందరి ముందూ తెరిచి చూపడం మా సెక్రటరీ విజయగారు పెట్టిన రివాజు.

ఒక ఆదివారం మా బుట్ట తెరిచారు. తడి చెత్తలో మా ఆయన మందుల అట్టలు. ఆవిడ వాటిని పైకెత్తి, పేరు చదివి, "ఇవి మనసు బాగోలేని వాళ్లకిచ్చేవి కదండీ?" అన్నారు. ఎంత తియ్యగా అన్నారో! మా ఆయన అక్కడే కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత నెలల తరబడి గడప దాటలేదు. అట్టలు అందులో వేసింది నేనే, నిజమే. అంతమాత్రాన ఆయన జబ్బును నలుగురిలో చదవాలా? నా కడుపు మండిపోయింది. నీ పరువూ ఇలాగే వీధిన పడాలి, చూస్తూ ఉండు అనుకున్నాను.

కాలనీకి హరిత భవనాల పత్రం ఇచ్చే తనిఖీ వాళ్లు వస్తున్నారన్నారు. విజయగారికి కాళ్లు నేల మీద నిలవలేదు. ముందు రోజు మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్న వేళ, నెలంతా దాచిన పాల కవర్లు కాలనీ తడి చెత్తంతా ఎరువయ్యే కంపోస్టు గుంటలో కలిపేశాను. కలుపుతుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

మర్నాడు వాళ్లు పార గుచ్చి పైకెత్తారు. కవర్లే కవర్లు. పత్రం రాలేదు. విజయగారి మొహం మాడిపోయింది. ఆవిడ అక్కడికక్కడే చెత్త వేరుచేసే అంజమ్మను పనిలోంచి తీసేసింది. ఆ జీతంతోనే అంజమ్మ ఇల్లు గడిచేది. మా ఇళ్లు లేచింది ఒకప్పుడు వాళ్లు జొన్న వేసిన చేలోనే. ఇది నేనెందుకు ఆలోచించలేదు? ఆలోచించి కూడా పక్కకు నెట్టానా?

సాయంత్రం అంజమ్మ మా గేటు దగ్గర ఆగింది.

"పోతున్న అక్కా. కవర్ల కొసలు ఏరలేక సస్తున్న, తెంపకుంట కోయిండ్రి అని ఇంటింటికి చెప్పిన. మీరొక్కలే ఇన్నరు."

"అయితే?"

"గుంటల ఉన్నయన్ని గట్లనే ఉన్నయ్. ఒక్కదానికి కొస తెగలే."

"మరి చెప్పలేదేం?" అన్నాను.

"చెప్తే మల్ల సారును బయటికి గుంజుతరు గద. సారును జర మంచిగ చూస్కో అక్కా."

వెళ్లిపోయింది. సెక్రటరీ ఇల్లు అక్కడికి ఐదో గుమ్మం. పరుగెత్తి వెళ్లి నిజం చెప్పొచ్చు. వెళ్లలేదు. భయమా? కాదు. చెబితే ఆవిడ గెలుస్తుంది, అంతే. దానికోసం అంజమ్మ పొట్ట కొట్టాను.

ఆవిడ మాడిన మొహం గుర్తొస్తే నాకు ఇప్పటికీ సంతోషమే. సిగ్గులేనిదాన్ని అనుకోండి, ఫరవాలేదు. అంజమ్మ మాత్రం మళ్లీ కనబడలేదు. కనబడినా ఏ మొహంతో అడగను? ఇది ఆమె చదవదు. అయినా ఒక్కసారి నా చేత్తో రాయనివ్వండి.

ఆ కవర్లు మా ఇంటివి. నేనే వేశాను.