పెంటమ్మ నోట రాని పేరు

అశోక్‌నగర్‌లో పెంటమ్మ మెస్సు తెలియని హాస్టల్ పిల్లలు లేరు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళకు ఆమె పప్పు ఎంత తెలుసో, ఆమె నోరూ అంతే తెలుసు. సిలిండరు ఆలస్యంగా తెచ్చినవాణ్ణి, కూరలో ఉప్పెక్కువైందన్నవాణ్ణి ఒకే తీరున దులిపేస్తుంది. అంత నోట్లోంచి ఒక్క మాట మాత్రం రాదు. అది మొగుడి పేరు.

పిల్లలు ఊరుకుంటారా? "అక్కా, మీ ఆయన పేరేంది?" అని అన్నం కలుపుకుంటూ కదిలిస్తారు.

"నా ఆధార్ కార్డుల ఉన్నది, సదువుకో. సదువుకోనీకెనే గదా పట్నమొచ్చినవు!"

మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ నేర్పింది. పెళ్ళినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి చెప్పమంటే, గొంతులోనే గొణిగి లోపలికి దూరింది. ఇంత జాగ్రత్త పడ్డా ఆయుష్షు నిలిచిందా? నిలవలేదు. పట్నం అవతల రాళ్ళ క్వారీలో ఆయన బండ పగలగొట్టేవాడు, ఆమె తట్ట మోసేది. ఒకరోజు బండ జారి ఆయన మీదే పడింది.

విచారణకు వచ్చిన ఆఫీసరు, "నీ మొగుడి పేరు చెప్పమ్మా, ఇక్కడి కూలీల్లో ఉన్నాడో లేడో చూస్తా" అన్నాడు. పెంటమ్మ అలవాటు కొద్దీ పక్కకు చూసింది. ఎప్పుడూ ఎవరో ఒకరు అందుకుని చెప్పేవారు. ఆ రోజు తోటి కూలీలు కంట్రాక్టరు మొహం చూసి తలలు దించుకున్నారు. ఆ సందులో కంట్రాక్టరు గుమాస్తా దూరాడు. "మా కూలి కాదు సార్. ఎవడో తాగొచ్చి గుంతల పడ్డడు."

ఆఫీసరు అదే రాసుకుపోయాడు. చెమటోడ్చి చచ్చిన మనిషి తాగుబోతయి పోయాడు. తర్వాత ఏ ఆఫీసు మెట్లెక్కినా, "ఆనాడే పేరు చెప్తే అయిపోయేది గదా" అన్నవాళ్ళే. పెంటమ్మ కడుపు మండిపోయింది. అక్కరపడ్డనాడు రాని పేరు ఇంకెక్కడా పలకనని, పలికితే ఆ గుంత దగ్గరే పలుకుతానని పంతం పట్టింది. ఈలోగా క్వారీ మూతపడి, చుట్టూ కంచె లేచింది. ఆమె చంటి బిడ్డను చంకనేసుకుని అశోక్‌నగర్ చేరి, హాస్టళ్ళ గిన్నెలు తోమీ తోమీ చివరికి సొంత మెస్సు పెట్టింది. పంతం మాత్రం అట్లాగే ఉండిపోయింది.

మెస్సు నడిచే ఇల్లు చిక్కడపల్లి కుసుమగారిది. మొన్న ఆవిడే కబురు తెచ్చింది. "పెంటమ్మా, నువ్వు చెబుతుంటావే, ఆ క్వారీని ఇప్పుడు పక్షుల పార్కు చేశారట. జింకలు కూడా ఉన్నాయట. మా వాకింగ్ వాళ్ళమంతా ఆదివారం వెళ్తున్నాం. నువ్వూ రాకూడదూ?"

"నా మొగుడు సచ్చిన జాగను టికెట్టు కొని సూడాల్నా అమ్మా?" అని పెంటమ్మ అంతెత్తున లేచింది. ఆదివారం పొద్దున నారాయణగూడ చౌరస్తాలో వ్యాను కంటే ముందు వచ్చి నిలబడింది మాత్రం ఆమే.

గుంత ఇప్పుడు చెరువు. గట్టున వేపలు, కానుగలు, నీళ్ళలో తెల్లటి కొంగలు. అందంగా ఉంది, అదే పెంటమ్మకు మంట. ఎదురుగా సగం కోసిన గుట్ట ఒక్కటే పాత మొహంతో నిలబడి ఉంది.

పార్కు చూపించే అమ్మాయి ఉత్సాహంగా చెబుతోంది. "ఒకప్పుడు ఇక్కడ ఏమీ లేదండీ. ఉత్త గొయ్యి. ప్రాణమన్నదే లేని చోటు ఇది."

"పానం లేకపోవుడేంది? మా ఆయన పానం ఈడనే పోయింది. ఈడ పనిచేసుకుంటనే పోయిండు."

అందరూ వెనక్కి తిరిగారు. ఆ అమ్మాయి తడబడింది. "అయ్యో, నాకు తెలీదమ్మా. ఆయన పేరేంటి?"

పెంటమ్మ మెడ పక్కకు తిరగనే తిరిగింది. పాడు అలవాటు! అద్దె కాగితాల్లో ఆ పేరు చూసిన కుసుమగారు జాలిగా అందుకోబోయింది. "ఆయన పేరు..."

"మీరాగుండ్రమ్మా! ఆనాడు గుమాస్తా గూడ గిట్లనే నడుమ దూరిండు."

పెంటమ్మ కొంగు నడుముకు దోపుకుంది. గట్టున కట్టిన ఇనుప కమ్మీల కంచె దాకా నడిచి, గుట్టకేసి గొంతు చించుకుని అరిచింది.

"ఎల్లేశం! తాగుబోతు గాదు! ఈడి కూలి ఎల్లేశం!"

గుట్ట ఆ పేరును తిరిగి పలికింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ అమ్మాయి కంగారుగా పక్కనున్న బోర్డు చూపించింది. "అమ్మా, ఇక్కడ నిశ్శబ్దంగా ఉండాలి. పక్షులు బెదురుతాయి."

"బెదిరినా మల్లొచ్చి వాల్తయి బిడ్డా. ఆయన రాడు."

పెంటమ్మ ఇంకోసారి అరిచింది, ఇంకా గట్టిగా.

మర్నాడు మధ్యాహ్నం మెస్సు కిటకిటలాడుతోంది. ఒక పిల్ల పళ్ళెం పట్టుకుని కొంటెగా అడిగింది. "అక్కా, మీ ఆయన పేరేంది?"

"ఎల్లేశం," అంది పెంటమ్మ. "పప్పేసుకో."