పారాయణం గారి ఇన్‌స్టలేషన్

మా ఆస్పత్రిలో కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయనకి ఒకటే అలవాటు. తెర మీద ఏది కనిపిస్తే అది పైకి చదివేవారు. కొంత చదివి కొంత వదలడం లేదు, మొత్తం చదివేవారు. మనసులో చదువుకునే వీలు మనిషికి ఒకటుందని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. యంత్రం ఆన్ చేయగానే దాన్ని తయారుచేసిన కంపెనీ పేరుతో మొదలుపెట్టి, కింద మూలన ఉన్న తేదీ, టైము దాకా వచ్చి, అక్కడ ఊపిరి తీసుకునేవారు. పారాయణం గారు అని పేరు పెట్టింది ఎవరో తెలీదు గానీ, హాజరు పట్టీలో తప్ప ఆయన అసలు పేరు ఇంకెక్కడా మిగల్లేదు.

ఒకసారి ఎక్స్‌రే గదిలో ప్రింటర్ ఆగిపోయిందని పిలిచారు. ఈయన వెళ్ళి, కళ్ళజోడు తుడుచుకుని, నిలబడి చదివారు: "కాగితం అయిపోయింది. కాగితం పెట్టి, పచ్చ బటన్ నొక్కండి."

"అదే కదండీ నేను ఫోన్లో చెప్పింది!" అన్నాడు ఎక్స్‌రే ఆయన.

"మీరు చెప్పారండీ. అది చెప్పడం ఇప్పుడే కదా" అన్నారు పారాయణం గారు, ఏమాత్రం నవ్వకుండా.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు 'ఈ షరతులకు ఒప్పుకుంటున్నాను' అని ఒకటి వస్తుంది కదా. లోకంలో అందరూ దాన్ని చూడకుండానే ఒప్పేసుకుంటారు. ఈయన సూపరింటెండెంట్ మేడమ్ గదిలో ఆమెని కూర్చోబెట్టి నలభై ఒక్క పేజీలూ చదివారు. ఇరవై రెండో పేజీలో మేడమ్ కునికిపాట్లు పడ్డారు. ఈయన మర్యాదగా ఆగి, ఆమె మెలకువ తెచ్చుకున్నాక, ఆమె వినని పేరా దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నారు. ఆ తర్వాత మేడమ్ తన కంప్యూటర్ పాడైనా చాలారోజులు ఎవరికీ చెప్పలేదట.

నా సంగతి పూర్తిగా వేరు. నేను బ్లడ్ బ్యాంకులో రక్త పరీక్షలు చేసేవాణ్ణి. నాకు తొందర ఎక్కువ. తెర మీద 'నెక్స్ట్' అన్న బటన్ కనిపిస్తే నా వేలు నన్నడక్కుండానే వెళ్ళి నొక్కేస్తుంది. అలాంటి నాకూ ఆయనకీ పడటం కష్టమే. ఆయన మా గదిలోకి వస్తున్నారంటే నేను సీసాలు కడిగే నెపంతో పక్క గదిలోకి జారుకునేవాణ్ణి.

మా గదిలో నాతోపాటు రిజిస్టరక్క ఉండేది. పదకొండేళ్ళుగా రక్తదాతల జాబితా ఆమె చేతిలోనే ఉంది. ఆరు వేల పైచిలుకు పేర్లు. సీసాల మీద గ్రూపు రాయడం, సరిచూడటం నా పని, నర్సు పని. మనుషుల్ని పిలిపించడం ఆమె పని. ఆపరేషన్ గదిలోంచి అరుదైన గ్రూపు కావాలని కబురొస్తే, అక్క ఫోన్ తీసి, "బాబూ, నేనే. మీ అమ్మాయి పరీక్షలు అయిపోయాయా? ఒక్కసారి రాగలవా?" అనేది. అంతే, అరగంటలో మనిషి గుమ్మంలో ఉండేవాడు. అదే పని నేను చేస్తే, "మీరెవరు?" అని అడిగేవాళ్ళు.

అలా ఉండగా ఒక సాయంత్రం అక్క బల్ల మీది పాత కంప్యూటర్ 'టప్' మని పొగ వదిలి ఊరుకుంది. సరిగ్గా తనిఖీ ముందర. సూపరింటెండెంట్ మేడమ్ వచ్చి అక్క ఎదుట నిలబడ్డారు.

"గురువారం తనిఖీకొచ్చే ఆవిడకి కొత్త కంప్యూటర్లో జాబితా తెరిచి చూపించాలి. చూపించలేకపోతే జాబితా పెద్దాస్పత్రికి పోతుంది. మిమ్మల్ని దుప్పట్ల గదికి మార్చాల్సొస్తుంది. నా చేతిలో ఏమీ లేదు" అన్నారు ఆవిడ, నిజంగానే బాధపడుతూ.

ఆవిడ వెళ్ళాక అక్క పొగచూరిన కీబోర్డు మీద గుడ్డ కప్పింది. తర్వాత, "దుప్పట్లకి ఫోన్ చేస్తే రావు కదా తమ్ముడూ" అంది. నవ్వడానికే అంది గానీ ఆ నవ్వు పూర్తికాలేదు.

సోమవారం పారాయణం గారు వచ్చారు. పాత కంప్యూటర్లోంచి హార్డ్ డిస్క్ ఊడదీసి, కొత్తదాంట్లో రెండో డిస్క్‌గా బిగించారు. "బాబూ, ముందు జాబితాని పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసిపెట్టు, భద్రంగా ఉంటుంది" అని నాకు పని అప్పగించారు. రెండు సెకన్లలో చేసేశాను. పనంటే అలా చేయాలని ఆయనకి తెలిసేలా, పెన్ డ్రైవ్‌ని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాను కూడా.

తర్వాత జాబితాని తెరిచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించే కార్యక్రమం మొదలైంది. మా గదిలో ఆయన కీబోర్డు ముట్టుకునేవారు కాదు. కుర్చీలో అక్కని కూర్చోబెట్టి, తను ఆమె భుజం వెనక నిలబడేవారు. "రేపట్నుంచి వాడేది ఆవిడ. చెయ్యి ఆవిడదే పడాలి" అనేవారు. ఈయన చదవడం, ఆవిడ నొక్కడం. సోమవారం మొత్తం షరతులకే సరిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ క్యాంటీన్‌కి వెళ్ళారు. నేనూ కంప్యూటరూ మిగిలాం. ఈ లెక్కన గురువారం కాదు, వచ్చే గురువారానికి కూడా తెమలదనిపించింది. కుర్చీ లాక్కుని నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్. మధ్యలో 'ఎక్కడ పెట్టమంటారు?' అని అడిగితే, ఖాళీ ఎక్కువ కనిపించిందని పాత డిస్క్ చూపించాను. సగం దాకా బాగానే వెళ్ళి ఏదో ఎర్రర్ ఇచ్చింది. రద్దు చేసేసి, తేలుకుట్టిన దొంగలా నా స్టూలు మీదికి వచ్చి కూర్చున్నాను.

వాళ్ళు వచ్చి మళ్ళీ మొదలుపెడితే, 'సర్వీసు ప్రారంభం కాలేదు' అని వచ్చింది, అంటే సాఫ్ట్‌వేర్ పని మొదలెట్టలేదన్నమాట. పారాయణం గారికి కోపం రాలేదు. యంత్రం తను చేసిన పనులన్నీ వరసగా రాసుకునే ఫైలు ఒకటుంటుంది. అక్కచేత దాన్ని తెరిపించారు. ఏడు వందల లైన్లు. గొంతు సవరించుకున్నారు.

"ఈరోజు. పన్నెండు గంటల నలభై నిమిషాలు. ఇన్‌స్టలేషన్ మొదలైంది."

నేను చేతికందిన సీసా తీసి, శుభ్రంగా ఉన్నదాన్నే తుడవసాగాను.

"పన్నెండు నలభై ఆరు. వాడుతున్న వ్యక్తి రద్దు చేశారు." ఆయన ఆగారు. "పన్నెండు నలభైకి మనం క్యాంటీన్లో ఉన్నాం కదమ్మా?"

"అవునండీ" అంది అక్క.

"అయితే అదే మొదలుపెట్టుకుని ఉంటుంది. కొత్త యంత్రం కదా, ఉత్సాహం ఎక్కువ" అన్నారు పారాయణం గారు. నా వైపు చూడనైనా చూడలేదు. చూసి నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేదనిపించింది.

జరిగిందేమిటంటే, నేను సగంలో వదిలేసిన సాఫ్ట్‌వేర్ దారికి అడ్డంగా కూర్చుని, కొత్తదాన్ని లోపలికి రానివ్వడం లేదు. దాన్ని తీసేయాలి. తీసేసేటప్పుడు కూడా యంత్రం బోలెడు అడుగుతుంది. అన్నీ చదివారు. "నిజంగానే తీసేయమంటారా? అమ్మా, అడుగుతోంది." "తీసేయమనండి." "మళ్ళీ అడుగుతోందమ్మా." మంగళవారం అలా గడిచిపోయింది.

బుధవారం. తెల్లారితే తనిఖీ. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ మొదలుపెడితే, తెర నిండా ఒక హెచ్చరిక వచ్చి నిలబడింది. ఎర్రటి పెట్టె, అందులో తెల్లటి లావుపాటి అక్షరాలు. ఆ సమయానికి పారాయణం గారికి సూపరింటెండెంట్ మేడమ్ నుంచి ఫోన్ వచ్చి వరండాలోకి వెళ్ళారు. పది నిమిషాలు ఆ ఎర్ర పెట్టె అలాగే ఉంది. అక్క దాని ఎదురుగా చేతులు కట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. ఆయన తిరిగి వచ్చేసరికి నాలో ఓపిక అయిపోయింది.

"ఫోల్డర్ ఖాళీగా లేదంటోంది గురువుగారూ, అంతే. నిన్నటి చెత్త ఏదో మిగిలుంటుంది. చెరిపేయమని చెబితే పోతుంది. అక్కా, ఎంటర్ నొక్కేయండి!"

అక్క వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది.

"ఉండమ్మా, చదవలేదు ఇంకా" అన్నారు పారాయణం గారు. "ఎంచుకున్న ఫోల్డర్ ఖాళీగా లేదు. కొనసాగితే ఇందులోని ఫైళ్ళు శాశ్వతంగా చెరిగిపోతాయి. ఫైళ్ళ సంఖ్య పద్దెనిమిది. చివరిసారి మారిన తేదీ, ఈ నెల మూడు, సాయంత్రం ఐదు గంటల పన్నెండు నిమిషాలు."

"ఆగండి!" అంది అక్క. వేలు కాలినట్టు వెనక్కి తీసుకుంది. "మూడో తారీకు సాయంత్రం పాత కంప్యూటర్ కాలిపోయింది. దానికి కాస్త ముందే లారీ డ్రైవర్ పేరు ఎక్కించాను, నెగెటివ్ గ్రూపు అబ్బాయి. అది చెత్త కాదు. అది మన జాబితా!"

నిన్న నేను చూపించిన పాత డిస్క్‌నే యంత్రం గుర్తుపెట్టుకుని, ఈసారి అందులో జాబితా ఉన్న ఫోల్డర్‌కే ఎసరు పెట్టిందన్నమాట. అయినా, "పోనీలెండి, పెన్ డ్రైవ్‌లో కాపీ ఉందిగా" అన్నాను.

పారాయణం గారు పెన్ డ్రైవ్ పెట్టించి చదివారు. "దాతల జాబితా. రకం, షార్ట్‌కట్. పరిమాణం, ఒక కిలోబైట్." ఆలోచించారు. "ఆరు వేలమంది ఒక కిలోబైట్‌లో సర్దుకోగలరా బాబూ?"

ఇంటికి దారి చూపించే బోర్డు పీక్కొచ్చి, ఇల్లు తెచ్చానని ఎగరేసి పట్టుకున్నాను నేను. ఇంకొక్క వేలి నొక్కుడుకి పదకొండేళ్ళ పని తుడిచిపెట్టుకుపోయేది. తప్పు దొరికిపోయినవాడు చేసే పనే నేనూ చేశాను, పక్కవాళ్ళ మీదికి తోశాను.

"మీరు మాత్రం చూసుకోవద్దా అక్కా? పది నిమిషాల్నుంచి మీ ముక్కు ముందరే ఉంది. అంతంత అక్షరాలు! అంత ఎర్రగా!"

అక్క తెర వైపే చూస్తూ, మెల్లగా అడిగింది.

"ఎర్రగా ఉందా తమ్ముడూ?"

నేను నోరు తెరిచాను. పారాయణం గారు నాకన్నా ముందు అందుకున్నారు. ఎప్పుడూ లేనంత గట్టిగా చదివారు: "వేరే ఫోల్డర్ ఎంచుకోవాలంటే ఇక్కడ నొక్కండి! మూడుసార్లు ట్యాబ్ కొట్టి ఎంటర్ అమ్మా!" అక్క మూడుసార్లు ట్యాబ్ కొట్టింది. కొత్త డిస్క్‌లో కొత్త ఫోల్డర్. ఈసారి అంతా సజావుగా సాగింది. నాలుగింటికి సర్వీసు ప్రారంభమైంది. పాత డిస్క్‌లోని పేర్లన్నీ కొత్తదాంట్లోకి దిగాయి. సరిగ్గా దిగాయో లేదో చూడాలంటూ ఆయన ఆరింటిదాకా పేర్లు చదువుతూనే ఉన్నారు. నేను మొదటిసారి పక్కగదిలోకి పోలేదు.

ఆయన వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఎప్పట్నుంచండీ?"

"ఏమిటి?" అన్నారు, బొంగురుపోయిన గొంతుతో.

"అక్క కళ్ళ సంగతి."

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. "మూడేళ్ళవుతోంది. ఒకరోజు పాస్‌వర్డ్ తీసుకెళ్ళి పేరుండాల్సిన గడిలో కొట్టింది. మర్నాడూ అంతే. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. చదవడం మొదలుపెట్టాను."

"మరి ఎక్స్‌రే గదిలో? మేడమ్ గదిలో? నలభై ఒక్క పేజీలు!"

"ఒక్క గదిలోనే చదివితే ఎందుకు చదువుతున్నావని అడుగుతారు బాబూ. అన్ని గదుల్లో చదివితే పిచ్చాడంటారు. పిచ్చాణ్ణి ఎందుకని ఎవరడుగుతారు?"

ఆయన్ని మూడేళ్ళు వెక్కిరించాను. ఆయనలాగా గొంతు మార్చి చదివి నర్సుల్ని నవ్వించాను కూడా. సిగ్గేసింది.

"కళ్ళ డాక్టరు రెండో అంతస్తులోనే ఉన్నారు కదండీ" అన్నాను చివరికి.

"శుక్లాలే అయ్యుంటాయి. వాళ్ళమ్మకి ఆపరేషన్ వికటించిందట, అందుకని భయం. ఇందాక నువ్వు ఫ్రిజ్ తాళం వేస్తుంటే మొదటిసారి నోరు విప్పింది, తనిఖీ అయ్యాక వెళ్తానంది. నువ్వు చూశావు కదా, ఇంక దాచడానికేముంది!" అన్నారు. అక్క ఆ మాట నిలబెట్టుకుందని, కట్టు విప్పగానే నన్ను చూసి "నువ్వింత సన్నమా తమ్ముడూ!" అందని ఇక్కడే చెప్పేస్తాను. లేకపోతే మీరు బెంగపెట్టుకుంటారు.

గురువారం పదింటికి తనిఖీ ఆవిడ వచ్చారు. అంతకు ముందే ఇంకొకటి వచ్చిపడింది. పారాయణం గారి గొంతు పూర్తిగా పోయింది. మెడకి మఫ్లర్ చుట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డారు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. కుర్చీలో అక్క చేతులు కీబోర్డు మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఓ నెగెటివ్ దాతల్ని తీయండి" అన్నారు తనిఖీ ఆవిడ.

నేను స్టూలు మీంచి లేచాను. వెళ్ళి అక్క భుజం వెనక నిలబడ్డాను.

"దాతల జాబితా" అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "మొదటి గడి, పేరు. రెండో గడి, ఊరు. మూడో గడి, రక్తం గ్రూపు. కర్సర్ ఇప్పుడు మొదటి గడిలో ఉంది."

అక్క వేళ్ళు కదిలాయి. రెండు ట్యాబులు, ఓ అక్షరం, పక్కన మైనస్ గుర్తు, ఎంటర్. ముప్పై ఏడు మంది వచ్చారు. చదివాను. తనిఖీ ఆవిడ ఒక్కో పేరు మీద వేలు పెట్టి వివరాలడిగితే, నేను చదివిన ఆ పేరు వినగానే అక్క, ఆ మనిషి కిందటిసారి ఎప్పుడొచ్చాడో, ఎవరి కోసం వచ్చాడో తెర వైపు చూడకుండా చెప్పేసింది. తనిఖీ ఆవిడ పెన్ను మూసేశారు.

"జాబితా ఇక్కడే ఉండాలి. ఈమె దగ్గరే ఉండాలి" అన్నారు. తర్వాత నా వైపు అనుమానంగా చూస్తూ, "మీ ఆస్పత్రిలో అందరూ ఇలా పైకే చదువుతారా?" అని అడిగారు.

సూపరింటెండెంట్ మేడమ్ నిట్టూర్చారు. "అంటుకుంటోందండీ. ఏం చేయాలో తెలీడం లేదు."

పారాయణం గారు గుమ్మం దగ్గర్నుంచి మెల్లగా నడిచి వచ్చారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నా భుజం తట్టి మెచ్చుకుంటారనుకుని కాస్త నిటారుగా నిలబడ్డాను. ఆయన నన్ను పక్కకి జరిపి, వంగి, తెర అట్టడుగున ఉన్న చిన్న అక్షరాల మీద వేలు పెట్టి, గంభీరంగా నా మొహంలోకి చూశారు.

ఒక లైను వదిలేశానట. చదివాను.