సముద్రంలో మామయ్య చేతులు

మా పిన్ని కాలుగాలిన పిల్లి. ఒక్కచోట నిలవదు. అలాంటి మనిషి పదిమందికీ కుదురు తయారుచేయడమే ఉద్యోగంగా పెట్టుకుంది! హెడ్‌సెట్ కళ్లకు తగిలించుకుంటే చాలు, మన గది మాయమై పిన్ని కట్టిన లోకం కనిపిస్తుంది. చప్పుళ్లకూ వెలుతురుకూ తల్లడిల్లిపోయే ఆటిజం ఉన్నవాళ్ల కోసం ఆ లోకాలు.

వాళ్లలో మొదటివాడు ఆవిడ సొంత అన్న, మా మామయ్య. పుస్తకాల బైండింగ్ షాపులో పని. అట్టలన్నా జిగురన్నా ఆయనకు ప్రాణం. కాగితాలు కోసే మిషన్ మొదలైతే మాత్రం చెవులు మూసుకుని రోడ్డు మీదికి పరుగే. మొన్న వ్యాన్ కింద పడబోయాడు.

"ఇంకోసారి ఇలా అయితే ఉంచుకోలేనమ్మా, నాకు భయంగా ఉంది" అన్నాడు షాపాయన. మా గుండెల్లో రాయి పడింది. ఆ పని లేకపోతే మామయ్యకు తెల్లారదు.

పిన్ని తిండీ నిద్రా మాని సముద్రం కట్టింది. నీలం నీళ్లు, మెత్తని అలలు. నేనైతే పెట్టుకున్న కాసేపటికే గురక పెట్టాను. మామయ్య తల వంచి కిందికి చూసుకుని, హెడ్‌సెట్ లాగిపారేశాడు.

"నచ్చలేదా అన్నయ్యా?"

"నా చేతులు లేవు."

నీళ్లకు అడ్డమని చేతులు కనపడకుండా తీసేసింది పిన్నే. మామయ్యకు కంగారొస్తే చేతులు టపటపా ఆడిస్తాడు. అలా ఆడిస్తేనే ఆయనకు నెమ్మదిస్తుంది.

"చేతులు కదపకురా అని చిన్నప్పటినుంచీ అందరూ అన్నయ్యను తిట్టారు. నేనైతే ఏకంగా చేతులే తీసేశానే!" అని నెత్తిన మొట్టుకుంది. మరుక్షణమే "ఉపాయం దొరికిందే!" అని ఎగిరి గంతేసింది. ఏడుపూ సంబరమూ ఒకేసారి రావడం పిన్నికే చెల్లింది.

కొత్త సముద్రంలో మామయ్యకు చేతులున్నాయి. అవి ఎంత ఆడితే నీళ్లలో అంత వెలుగు. అవి నెమ్మదిస్తే అలలూ నెమ్మదిస్తాయి.

హెడ్‌సెట్‌ను షాపు వెనకగదిలో పెట్టి, మామయ్యకు చూపించి, పిన్నీ నేనూ కాగితాల కట్టల చాటున నక్కాం. మిషన్ మొదలైంది. మామయ్య జిగురు కుంచె జారవిడిచి రోడ్డువైపు రెండడుగులు వేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఆగాడు. వెనక్కి తిరిగి గదిలోకి పరిగెత్తాడు!

తలుపు సందులోంచి చూశాం. ఆయన చేతులు జోరుగా ఆడుతున్నాయి. రానురాను నెమ్మదించాయి. హెడ్‌సెట్ తీసి బయటికొచ్చాడు. మిషన్ ఇంకా మోగుతూనే ఉంది. కుంచె వెతుక్కుని కూర్చోబోతూ మమ్మల్ని చూశాడు.

పిన్ని పట్టలేని ఆనందంతో రెండు చేతులూ టపటపా ఆడిస్తోంది. అన్న చూపు పడగానే చప్పున వెనక్కి దాచుకుంది.

"దాచకు చెల్లీ" అన్నాడు మామయ్య. "ఆడించుకో. ఏం కాదు."